బియ్యం డబ్బా ముందు మోకాళ్లూని

హైదరాబాద్ సంస్థానాన్ని ఇండియాలో కలిపింది మా అమ్మమ్మ. సైన్యం కలిపిందని పుస్తకాల్లో రాసి ఉంటుంది, ఉండనివ్వండి. ట్యాంకులు వచ్చిన మాట, విమానాలు తిరిగిన మాట నిజమే. కానీ 1948 సెప్టెంబరులో ఆ సోమవారం పొద్దున మా అమ్మమ్మ జ్ఞానమణి చిలకలగూడ ఇంట్లో చిన్నగదిలోకి వెళ్లి, తలుపు మూసి, మోకాళ్లూనకపోయి ఉంటే శుక్రవారం సాయంత్రానికి నిజాం ప్రభుత్వం లొంగిపోయేదే కాదని మా గల్లీలో సగం మంది చాలా ఏళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు. మిగతా సగం మంది ఒట్టేయకుండా చెప్పేవాళ్లు.

ఆ వారమంతా ఆ గదిలో ఆమె చేసిన పని ఏమిటంటే, బొల్లారంలో కర్ఫ్యూ వల్ల వాయిదా పడిన ఒక పెళ్లికి ఆశీర్వాద పద్యాలు రాయడం.

ఈ సంగతులు నాకు మా అమ్మ మేబెల్ చెప్పింది, అమ్మమ్మ దిద్దింది, పక్కింటి బుచ్చమ్మవ్వ ఇంకొంచెం ఉప్పూ కారం వేసింది. నేను బడికి పోయిన రోజులకన్నా ఎగ్గొట్టిన రోజులే ఎక్కువ కాబట్టి వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. కల్పించేంత తెలివి నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పటికి అమ్మమ్మకు ముప్పై ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ మిషన్ బడిలో పంతులమ్మ. మా అమ్మ పుట్టాక ఆ ఉద్యోగం మానేసింది. తాతయ్య దేవానందం సికింద్రాబాద్ స్టేషన్‌లో గూడ్స్ ఆఫీసు గుమాస్తా. చాలా మంచివాడని అందరూ అంటారు. అంటే, ఇంట్లో గొడవ జరిగేటప్పుడు ఇంట్లో ఉండేవాడు కాదన్నమాట. ఇంటి పెత్తనం ఆయన తల్లి రోసమ్మది. ఆమె నరసాపురం నుంచి కొడుకుతోపాటు వచ్చి, ఇక్కడి నీళ్లను, ఇక్కడి కూరలను, ఇక్కడి మాటను తిడుతూ ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి.

ఆ రోజుల్లో పెళ్లంటే రంగు కాగితం మీద పద్యాలు అచ్చు వేయించి వచ్చినవాళ్లకు పంచాలి. ఎవరైనా బదిలీ అయినా, రిటైరైనా పూలదండ ఒక్కటే చాలదు. సన్మాన పత్రం చదివి, అద్దాల ఫ్రేము కట్టించి చేతికివ్వాలి. క్రైస్తవులైనా, హిందువులైనా, రైల్వేవాళ్లయినా ఈ ముచ్చట అందరికీ ఉండేది. పొగడ్త అందరికీ కావాలి, రాయడం కొందరికే వచ్చు. మా అమ్మమ్మ తనతో పనిచేసిన ఒక పంతులమ్మ పెళ్లికి సరదాగా నాలుగు పద్యాలు రాసింది. వాటిని అచ్చు వేసిన బ్రహ్మచారి అనే ప్రెస్సాయన వాటిని చదివి, చిరునామా కనుక్కుని, ఇంటికి వచ్చాడు. అప్పటి నుంచి ఆయన ప్రెస్సుకు వచ్చే పెళ్లి పద్యాలు, వీడ్కోలు పత్రాలు అమ్మమ్మ రాసిచ్చేది. నౌకరీ కాదు. పని వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. రాసినదానికి మాత్రం ఆయన నెలనెలా ముట్టజెప్పేవాడు.

రాయడం కష్టం కాలేదు ఆమెకు. రాయడానికి కూర్చోవడమే కష్టమైంది. పొయ్యి మీద ఎసరు పెట్టి రెండు వాక్యాలు రాసేది. మూడో వాక్యానికి ఎసరు పొంగేది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీశాక కాగితం తీసేది. అప్పుడే ఎవరో ఒక గిన్నెడు చక్కెర కోసం వచ్చేవాళ్లు, చక్కెర తీసుకుని ఊరి సంగతులన్నీ పెట్టి పోయేవాళ్లు. దీపం పెట్టుకుని రాద్దామంటే కిరసనాయిలు దొరకని కాలం. రోసమ్మకు రాయడమంటే పనిలా కనిపించేది కాదు. “ఖాళీగా కూర్చున్నావుగా, ఆ చింతపండు గింజలు తీయి” అనేది. చేతిలో కలం ఉంటే ఆమె లెక్కన చెయ్యి ఖాళీ ఉన్నట్టే.

అందుకని అమ్మమ్మ ముక్కలు ముక్కలుగా రాసేది. ఒక ముక్క తలగడ కింద, ఒక ముక్క పప్పు డబ్బా మీద, ఒక ముక్క కిటికీ సందులో. బ్రహ్మచారి వచ్చినప్పుడు అన్నీ ఏరి ఇచ్చేది. అలా ఏరడంలో ఒకసారి పెళ్లీ రిటైర్మెంటూ కలిసిపోయాయి.

పెళ్లికొడుకు యేసురాజు. ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్న వైపు ఒక బంగళా ఆవరణలో విందు. సంఘపెద్ద జ్ఞానశేఖర్ గారు కళ్లద్దాలు సవరించుకుని, గులాబీ కాగితం ఎత్తి పట్టుకుని, గంభీరంగా చదవడం మొదలుపెట్టారు. మొదటి రెండు పద్యాలు బాగానే నడిచాయి. తర్వాత, కొత్త పెళ్లికూతురి పక్కన నిలబడ్డ యేసురాజును ఉద్దేశించి, “ఇంతకాలము తాము అలుపెరుగక మోసిన భారమును ఇకనైనను దించుకొని, శేషజీవితమును విశ్రాంతితో గడుపుదురు గాక” అని ఆశీర్వదించేశారు. పెళ్లికూతురి మేనమామలు తిన్నది గొంతుకడ్డం పడేదాకా నవ్వారట. అదే వారం స్టేషన్‌లో రిటైరైన ముసలి గార్డుకు “త్వరలోనే మీ ఇల్లు పసిపాపల కేరింతలతో నిండును గాక” అని వెళ్లింది. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. ఆ ఫ్రేమును ముందు గదిలోనే తగిలించుకున్నాడని విన్నాను.

బ్రహ్మచారి మర్నాడే వచ్చాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

“అమ్మా, గిట్లైతే నేను ప్రెస్సు మూసుకోవాలె, మీరు కలం ఇరగ్గొట్టుకోవాలె.”

“అచ్చు ఏసేముందు మీరు సుత చదవొచ్చు గదన్నా,” అంది అమ్మమ్మ. తప్పు తనదైనా ఇంకొకరికి కొంచెం వాటా ఇవ్వడం ఆమెకు ఇప్పటికీ అలవాటే.

“చదివితే నాకు ఎట్ల తెలుస్తది? మీ పొగడ్తలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. సూడమ్మా, మా కంపోజిటర్ ఉన్నడు. రోజూ ఒక్కటే టైముకు వచ్చి అక్షరాల అరల ముందట నిలవడ్తడు. పని ఉన్నా నిలవడ్తడు, లేకున్నా నిలవడ్తడు. నిలవడితెనే చెయ్యి నడుస్తది. మీరు సుత దినాము ఒక టైము పెట్టుకోండ్రి. మీతోని కాదంటే చెప్పుండ్రి, వేరేవాళ్లను సూసుకుంట. ఏమనుకోవద్దు.”

వేరేవాళ్లను అన్న మాట అమ్మమ్మకు గుచ్చుకుంది. బడి పోయింది, ఇది కూడా పోతే ఇక మిగిలేది చింతపండు గింజలే. ఆ పూట అన్నం సహించలేదట. అదొక్కటే నేను నమ్మను. అమ్మమ్మకు అన్నం సహించని పూట నేనైతే చూడలేదు.

ఇంట్లో వంటింటి పక్కన ఒక చిన్నగది ఉండేది. అందులో కట్టెలు, బొగ్గులు, పాత తట్టలు, ఒక పెద్ద బియ్యం డబ్బా. తాతయ్య ఆఫీసుకు వెళ్లాక, మధ్యాహ్నం వంటకు ముందు, ఒక గంట. ఆ గది, ఆ గంట. ఇది ఆమె లెక్క. ఒక శనివారం ధైర్యం చేసి అత్తగారితో చెప్పింది.

“అత్తమ్మా, సోమవారం సంది రోజూ ఒక గంట చిన్నగదిలకు పోయి తలుపేసుకుంట. ఎవ్వరు పిలిచినా పలకను. మీరు సుత పిలవొద్దు.”

రోసమ్మ నోరు తెరిచింది. తిట్టడానికే తెరిచింది. కానీ అంతకు ముందు ఆదివారమే గుళ్లో పాస్టరు అయ్యగారు ఏకాంత ప్రార్థన గురించి ప్రసంగం చేశారు. ప్రతి విశ్వాసీ రోజూ ఒక గంట తలుపు మూసుకుని, ఒంటరిగా, దేవుడితో గడపాలన్నారు. సంఘంలో అందరూ తలలూపారు. ఒక్కరూ మొదలుపెట్టలేదు. రోసమ్మ తెరిచిన నోరు మెల్లగా మూసి, కోడలిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“మంచి నిర్ణయం తీసుకున్నావే జ్ఞానం. నిన్నెవరూ పిలవకుండా నేను చూసుకుంటాను” అంది.

అమ్మమ్మకు విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పే పని ఒకటి తగ్గించుకుంది, అంతే.

బియ్యం డబ్బా మూత బల్లలా సమంగా ఉండేది. దాని ముందు మోకాళ్లూనితే సరిగ్గా రాసుకునే ఎత్తు. తలుపు సందులోంచి, వెనక వైపు నుంచి చూసినవాళ్లకు మోకాళ్ల మీద ఉన్న ఒక స్త్రీ, వంచిన తల, కదిలే పెదవులు కనిపించేవి. పెదవులు ఎందుకు కదిలేవంటే, రాసిన వాక్యం నోట్లో తిరగనిదే కాగితం మీద పెట్టేది కాదు. రోసమ్మ గుమ్మం ముందు ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో వక్కాకు పెట్టుకుని కూర్చునేది. ఎవరొచ్చినా వేలు పెదవుల మీద పెట్టేది. లోపలి నుంచి “దయాసముద్రులును, దీనుల మొరలాలకించువారును...” అని సన్నగా వినిపిస్తే ఆమెకు కళ్లు చెమర్చేవి. అది బదిలీ మీద బెజవాడ వెళ్తున్న ఒక పార్శిల్ క్లర్కు గురించి.

ఆ గంట పని మారిపోయింది. మొదట్లో సగం సమయం గోడ చూడ్డానికే సరిపోయేదట. కొన్నాళ్లకు డబ్బా ముందు మోకాలు ఆనగానే మాట వచ్చేది. ఆర్డరు లేని రోజు కూడా గది మానలేదు. ఆ రోజుల్లో ఎవరికీ కాని సన్మాన పత్రాలు రాసి, పేరు దగ్గర చుక్కలు పెట్టి దాచేది. ఎవరికో హఠాత్తుగా బదిలీ వచ్చిందని బ్రహ్మచారి పరుగెత్తుకొస్తే, చుక్కల్లో పేరు నింపి అక్కడికక్కడే ఇచ్చేది. ఆయన ఇక వేరేవాళ్ల మాట ఎత్తలేదు.

ఈలోగా ఊరు పాడైంది. రజాకార్ల భయం, రైళ్ల భయం, పల్లెల్లో ఏం జరుగుతోందో తెలియని భయం. పక్కింటి బుచ్చమ్మ భర్త పర్వతాలు తల్లిని తీసుకొస్తానని భువనగిరి పక్క పల్లెకు వెళ్లి తిరిగి రాలేదు, కబురు కూడా లేదు. బుచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుని రోసమ్మ దగ్గరికి వచ్చింది.

“పెద్దమ్మా, అక్క రోజూ దేవునితోని మాట్లాడుతది గదా. జెర నా మనిషి గురించి సుత ఒక మాట చెప్పుమను.”

బుచ్చమ్మ దేవుళ్లు వేరు. కానీ భర్త జాడ లేనప్పుడు ఏ గడపా ఎక్కువ కాదు. రోసమ్మ తలుపు మీద చిన్నగా తట్టి లోపలికి వినిపించేలా అంది: “జ్ఞానం, బుచ్చమ్మ మొగుడి కోసం కూడా.”

అది మొదలు. తర్వాత గల్లీలో ఒక్కొక్కరే రావడం, రోసమ్మ తలుపు తట్టి ఒక్కొక్కరి కష్టమూ లోపలికి అందించడం. అమ్మమ్మ ప్రతి తట్టుకూ “సరే” అనేది. “సరే” అన్నప్పుడల్లా ఒక వాక్యం పోయేది.

సెప్టెంబరులో సైన్యం వచ్చిన ఆ వారం బయట కర్ఫ్యూ, పైన విమానాల మోత. తలుపు బయట సగం గల్లీ ఊపిరి బిగబట్టి కూర్చుంది. లోపల బొల్లారం పెళ్లి పద్యాలు. ఎందుకు రాశావే ఆ సమయంలో అని నేనడిగితే అమ్మమ్మ ఒకటే చెప్పింది: “ఊకె కూసుంటె విమానాల మోతే ఇనవడ్డదిరా. పని చేస్తుంటె ఇనవడలే.” నిజాం లొంగిపోయాడని శుక్రవారం కబురొచ్చింది. మొదటి వారం భయపడి తలుపు దగ్గరికి వచ్చినవాళ్లు వేరు, తర్వాతి వారం భయపడి వచ్చినవాళ్లు వేరు. వెనక గల్లీ టైలరు గారి బీబీ బురఖా సర్దుకుంటూ వచ్చి, ఏమీ అడగకుండా గోడకానుకుని కూర్చుంది. రోసమ్మ ఆమె పేరు కూడా లోపలికి చెప్పింది. మరికొన్నాళ్లకు పర్వతాలు గడ్డం మాసిపోయి, తల్లిని వీపు మీద మోసుకుని, నడిచి ఇంటికొచ్చాడు.

ఇక చూడాలి. మా అమ్మమ్మ పేరు బేగంపేట దాకా పోయింది.

కష్టం ఏమిటంటే అదే సమయంలో పని కూడా ఉప్పెనలా వచ్చింది. పాత సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది. ఆఫీసుల్లో పోయేవాళ్లు పోతున్నారు, మద్రాసు వైపు నుంచి వచ్చేవాళ్లు వస్తున్నారు. పోయేవాడికి వీడ్కోలు, వచ్చేవాడికి స్వాగతం. ఇంతకాలం ఉర్దూలో జరిగిన ముచ్చట ఇప్పుడు తెలుగులో కావాలి. దాచిన చుక్కల పత్రాలు అయిపోయాక బ్రహ్మచారి రోజూ వచ్చి, రోజూ ఖాళీ చేతులతో వెళ్తున్నాడు. ఎందుకంటే ఆ గంటలో అమ్మమ్మ “సరే” అనడం తప్ప ఇంకేమీ చేయలేకపోతోంది.

ఆ మీద పడింది పెద్ద దెబ్బ. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం అధ్యక్షురాలు విమలమ్మ లేచి, “మన జ్ఞానమణమ్మ ప్రార్థన ఎంత శక్తిగలదో అందరం చూశాం. రేపటి నుంచి మనమంతా రోజూ అదే సమయానికి, అదే గదిలో, ఆమెతో కలిసి ప్రార్థిద్దాం” అని ప్రకటించింది. అందరూ ఆమెన్ అన్నారు. రోసమ్మ అందరికన్నా గట్టిగా అంది.

అమ్మమ్మ ఆ రాత్రి ఏం ఆలోచించిందో చెప్పదు. తెల్లారి లేచి ఎప్పటిలాగే వంట చేసింది. తాతయ్య ఎందుకో ఆ రోజు ఆఫీసుకు పెందలాడే వెళ్లిపోయాడు. విమలమ్మ, ఆమె వెనక ఆడవాళ్లు చాపలు చంకన పెట్టుకుని వచ్చారు. సలోమి అనే ఆమె అప్పుడే గదిలోని కట్టెలు బయట పెట్టిద్దామంటోంది. బియ్యం డబ్బా కూడా తీసేస్తే ఇంకో నలుగురు పడతారంది. అమ్మమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“డబ్బా తియ్యొద్దు. అది నా బల్ల.”

“బల్లేమిటమ్మా?” అంది విమలమ్మ.

“నేను ఈ గంటల ప్రార్థన చేస్త లేను విమలమ్మగారూ. రాసుకుంటున్న. పెళ్లి పద్యాలు, సన్మాన పత్రాలు. మొదటి దినం సంది అదే పని.”

రోసమ్మ ముక్కాలిపీట మీద నుంచి లేచింది.

“అయితే నన్నిన్నాళ్లూ గుమ్మం దగ్గర కాపలా కుక్కలా కూర్చోబెట్టావా?”

“కూసోమని నేను అనలే అత్తమ్మా. మీరే కూసున్నరు. మీరు కూసున్నందుకే నా పని నడిచింది. రేపు సుత కూసోండ్రి, దండం పెడ్త.”

“దేవుడికన్నా ఆఫీసర్ల భజన ఎక్కువైందన్నమాట!” అంది విమలమ్మ.

“ఎక్కువ తక్కువ గాదమ్మా. దేవుడు నా మాట పొయ్యి కాడ సుత ఇంటడు, బావి కాడ సుత ఇంటడు. బట్టలు ఉతుక్కుంట అడిగినా కాదనడు. రాత గట్ల కాదు. దానికి చెయ్యి కావాలె, మూసిన తలుపు కావాలె, దినాము ఒక్కటే టైము కావాలె. ఈ ఒక్క గంట నాకు ఇడిచిపెట్టుండ్రి. మిగిలిన దినమంత దేవునిదే.”

ఇంతలో వెనక నుంచి బుచ్చమ్మ ముందుకొచ్చింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. అక్కడున్న అందరికన్నా ఆమెకే ఆ మాట తగిలింది.

“ఏందక్కా, అంటే నా మనిషి గురించి నువ్వు అడగనే లేదా?”

అమ్మమ్మ జీవితంలో అందరినీ ఎదిరించింది గానీ, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం గొంతు కొంచెం తగ్గిందని మా అమ్మ చెబుతుంది.

“అడిగిన బుచ్చమ్మా. ఒక్క దినం ఇడవలే. కూరగాయలు కోసుకుంట అడిగిన.”

“ఏం కూర?”

“ఏదైతే ఏంది? ఉల్లిగడ్డలు.”

బుచ్చమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “ఉల్లిగడ్డలు కోసుకుంట ఏడ్చినవా నా కోసం?”

“ఉల్లిగడ్డలు అయిపోయినంక సుత ఏడ్చిన.”

బుచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని విమలమ్మ వైపు తిరిగింది. “వంటింట్ల అడిగితెనే నా మనిషి వచ్చిండు గదమ్మా. మరి ఆ బొగ్గుల అర్ర మీకెందుకు? ఆమెను రాసుకోనియ్యుండ్రి. కావాలంటే మా ఇంట్ల కూసోండ్రి, జాగ ఉన్నది.”

స్త్రీల సమాజం బుచ్చమ్మ ఇంట్లో కూర్చోలేదు. గుడి వెనక గదికి వెళ్లింది. అమ్మమ్మ పేరును సమాజం కమిటీలోంచి తీసేశారు. ఆమె దాన్ని పట్టించుకోలేదంటే అబద్ధం. క్రిస్మస్ పాటల జాబితాలో తన పాట లేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. ప్రార్థన కోసం తలుపు తట్టేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. తట్టేవాళ్లు ఇప్పుడు వంటింటి కిటికీ తడుతున్నారు.

రోసమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. ముక్కాలిపీట గోడ వారకు చేరింది. అమ్మమ్మ అదే సమయానికి గదిలోకి వెళ్లి తలుపు మూసుకునేది. బయట ఎవరొస్తున్నారో, ఎవరు పిలుస్తున్నారో వినిపించేది, పలికేది కాదు. అలా కొన్ని రోజులు నడిచాక ఒక పొద్దున తలుపు బయట పీట ఈడ్చిన చప్పుడైంది. కూరలమ్మి ఎవరో “జ్ఞానమ్మా” అని కేకేస్తే రోసమ్మ గొంతు వినిపించింది.

“రాసుకుంటోంది. తర్వాత రా.”

ఊరికే రాలేదు ఆ మాట. ఆ సాయంత్రమే రోసమ్మ తన రేటు చెప్పింది.

“ముక్కూ మొహం తెలియని పార్శిల్ క్లర్కును అంత పొగిడావు. రేపు నన్ను పూడ్చేటప్పుడు ఆరాధనలో నా జీవిత చరిత్ర చదువుతారుగా. అదేదో ఇప్పుడే రాసి నాకు వినిపించు. పోయాక నువ్వేం రాస్తావో నేనెలా చూస్తాను?”

మా వాళ్లలో భూస్థాపన ఆరాధనలో పోయినవాళ్ల జీవితం ఒక కాగితం మీద రాసి చదవడం అలవాటు. ఎవరూ దాన్ని ముందే విన్న దాఖలాలు లేవు. అమ్మమ్మ రాసింది. రోసమ్మ విని, తన వంట గురించి తక్కువైంది అంది. మళ్లీ రాసింది. కోడలిని బాగా చూసుకుందన్న వాక్యం ఎక్కడుందని అడిగింది. అమ్మమ్మ దాని గురించి ఒక గంట ఆలోచించి, “ఆమె కాపలా ఉండగా ఇంట్లో ఒక్క కాగితం కూడా తప్పిపోలేదు” అని రాసింది. రోసమ్మ అది రెండుసార్లు చదివించుకుని సరేనంది. అయినా ప్రతి ఏడూ ఒకటో రెండో దిద్దించేది. ఆర్డర్లు లేని రోజుల్లో అమ్మమ్మకు అదే పని. చివరికి రోసమ్మ పోయినప్పుడు అయ్యగారు ఆ కాగితం చదువుతుంటే, గుడిలో చాలామందికి కంఠతా వచ్చి ఉందట. అంతమందికి వినిపించుకుంది ఆమె.

హైదరాబాద్ స్టేట్ ఉన్నన్నాళ్లూ అమ్మమ్మ ఆ గంట తప్పలేదు. ఎన్నికలు వచ్చాయి, కొత్త ఆఫీసులు వచ్చాయి, ఎంతమందిని పొగిడిందో ఆమెకే తెలియదు. 1956లో స్టేటే పోయింది. దానికి వీడ్కోలు పత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చుక్కలు పెట్టినది ఒకటి సిద్ధంగానే ఉందంటుంది. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి. సన్మాన పత్రాలు అడిగేవాళ్లు లేరు. అయినా పొద్దున ఆ గంటకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఏం రాస్తున్నావంటే, నీకెందుకు అంటుంది.

రోసమ్మ మొదలుపెట్టినది మా ఇంట్లో ఆచారమైపోయింది. ఎవరి చరిత్ర వాళ్లు బతికుండగానే వినాలి. అమ్మమ్మది రాసే పని నా మీద పడింది. చదువుకున్నవాళ్లు ఇంట్లో నలుగురున్నా, “వాడైతే పొగడడు” అని నన్నే ఎంచింది. నిన్న ఆదివారం ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేసి, ఈ కాగితాలు ఆమె ముందు కూర్చుని పైనుంచి కిందిదాకా చదివాను. మధ్యలో రెండుసార్లు నవ్వింది. ఉల్లిగడ్డల దగ్గర కిటికీలోంచి బయటికి చూసింది. అయిపోయాక, ఎట్లుంది అమ్మమ్మా, అని అడిగాను. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఒక్క బైఠక్‌ల గీకినట్టున్నది. రేపటి సంది దినాము ఒక గంట కూసొని మళ్ల రాయి. పరేషాన్ కాకు, నేను ఇప్పట్ల పోను.”